వాన ఆదివారం నాటి తెలుగు గంట

పోయిన వారం మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, "అమ్మమ్మా, లుక్, నీ ఫోటో!" అంది. ఇక్కడ న్యూజిలాండ్‌లో, లోవర్ హట్‌లోని మా పాత రేడియో స్టేషను మూసేస్తున్నారట, దాని చరిత్రంతా రాసి పెట్టారట, అందులో మా తెలుగు గంటకు కూడా ఒక పేజీ ఇచ్చారు. కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివాను. వరద వచ్చిన ఆదివారం మన తెలుగు కార్యక్రమం వేళకు హెచ్చరిక చేసి మనవాళ్ళను ఆదుకుందని రాశారు. పక్కనే అప్పటి మన తెలుగు సంఘం పెద్దాయన శాలువాతో నవ్వుతున్నాడు, ఆయన వెనకాల నేను. నమిలిన పండులో పురుగు కనిపించినట్లయింది నాకు.

ఆ స్టేషను అంటే మీరు ఏదో ఊహించుకునేరు. కమ్యూనిటీ హాలు వెనక రెండు గదులు, చప్పుడు రాకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు, దూరంగా గొర్రెలు మేసే మైదానంలో ఒక ఇనుప స్తంభం, అంతే. ఏ.ఎం. రేడియో కదా, వెల్లింగ్టన్ రైలు తీగల కింద పోయినప్పుడల్లా మా మాటల్లో గరగర. మా ముందు గంట సమోవా దీవుల వాళ్ళది, పాటలతో గది వేడెక్కించి, మిగిలిన కేకు మాకోసం బల్ల మీద పెట్టి పోయేవారు. స్టేషను చూసుకునే తెల్లజుట్టు కివీ ఆవిడను మా వదిన వెళ్ళి అడిగి, ఆదివారం పొద్దున ఒక గంట మనకు ఇప్పించింది. నాది ఏడో తరగతి చదువు, మేనమామను చేసుకున్నాను కాబట్టి ఆయన కంప్యూటరు ఉద్యోగం వెంట ఇంతదూరం వచ్చాను గానీ, నాకేం వచ్చని? మా అవ్వ చెప్పిన కథలు వచ్చు. ఆ గంటలో చివరి పావుగంట వదిన నాకిచ్చింది. కాగితం అక్కర్లేదు, నోరు తెరిస్తే కథ దానంతట అదే వచ్చేది, మనవాళ్ళు షాపు ముందు కారు ఆపుకుని కథ అయ్యేదాకా దిగేవారు కాదని చెప్పుకునేవారు. వంటింట్లో తప్ప ఎక్కడా నా మాట వినని లోకంలో ఆ పావుగంట నాకు ఎంతటిదో మీకు వేరే చెప్పాలా?

తర్వాత వదిన, మా అన్న కలిసి కూతురి పురుటికి ఆక్లాండ్ దగ్గర బోటనీ డౌన్స్ వెళ్ళారు, రెండు నెలలు. గంట సంఘం పెద్దాయన చేతికి వచ్చింది. ఆయన సూటు వేసుకుని మైకు ముందు కూర్చునేవాడు, కనబడని రేడియోకు సూటు! పాటలు తగ్గాయి, పేర్లు పెరిగాయి. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, కొత్త ఇల్లు కొన్నవాళ్ళు, కమిటీలో ఎవరి హోదా ఎంతో ఆ వరసలో చదవాలి. ఒకసారి కోశాధికారి కొడుకు పేరు ఉపాధ్యక్షుడి కూతురి పేరుకంటే ముందు వచ్చిందని రెండిళ్ళకు నెల రోజులు మాటల్లేవు. ఆ పేర్ల జాబితా అయ్యాక వందన సమర్పణ, ఆ తర్వాతే నా కథ. నాకు అప్పుడే రోత పుట్టింది, కానీ నోరు మెదపలేదు. మెదిపితే నా పావుగంట పోతుందని భయం.

ఆ ఆదివారం మూడో రోజు వాన. వదిన వాళ్ళ ఇల్లు నది పక్కన పల్లంలో ఉంది, అందులో వదిన వాళ్ళమ్మ, నాకు అత్త వరస, ఒక్కతే. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రోజూ నేనే తోడు పడుకునేదాన్ని, ఆ పొద్దున కూడా ఉప్మా పెట్టి, మంచం పక్కన రేడియో పెట్టి, స్టేషనుకు వచ్చాను. పేర్లు సగంలో ఉండగా కివీ ఆవిడ తలుపు తోసుకుని వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టి, నీళ్ళు ఇంత లోతు వస్తాయన్నట్లు చేయి నడుము దాకా చూపించింది. నాకు అప్పటికి ఇంగ్లీషు చదవడం రాదు గానీ, ఆ కాగితంలో ఒక మాట మాత్రం తెలుసు. రోజూ ఆ వీధి మొదట్లో బోర్డు మీద చూసే పేరే అది, మా అత్త ఉండే వీధి.

పాట వేసినప్పుడు ఆ కాగితం పెద్దాయన ముందు పెట్టాను. ఆయన చూసి, "కూర్చోండమ్మా. వందన సమర్పణ అయ్యాక చదువుదాం, మధ్యలో ఆపితే పేర్లవాళ్ళు నొచ్చుకుంటారు" అన్నాడు.

నేను కూర్చున్నాను. అది ఇప్పటికీ నాకు మింగుడు పడదు. మైకు లాక్కుని ఒక్క కేక వేస్తే సరిపోయేది, "అత్తా, లేచి పక్కింటికి పో" అని. కూర్చున్నాను. ఇరవై నిమిషాల తర్వాత పేర్లన్నీ అయ్యాక ఆయన ఆ కాగితం తీసి, గొంతు సవరించుకుని, ఉన్నది ఉన్నట్లు ఇంగ్లీషులో చదివాడు, దొరబాబులా ఎంత చక్కగా చదివాడో! తెలుగు గంటలో, తెలుగు తప్ప తెలియని మనిషి కోసం. అది అత్తకు అర్థం కాదని నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. కానీ ఆయన అప్పటికే మైకు నా వైపు తిప్పాడు, ఎర్ర దీపం వెలుగుతోంది. నేను కథ చెప్పాను.

అయ్యాక మా ఆయనా నేనూ కారులో పోతే వీధి మొదట్లోనే నీళ్ళు. పక్కింటి కివీ ఆయన మా అత్తను వీపు మీద మోసుకుని వస్తున్నాడు. చీర నడుము దాకా తడిసి బురద. నేను ఏడుస్తూ, "అత్తా, నీళ్ళు వస్తావుంటే ఎందుకు లేచి పోల్యా?" అన్నాను.

"మీరు ఉండారు గదమ్మే ఆడ! ఏమన్నా ఉంటే మా పిల్ల చెప్పదా అనుకుంటి. నీ కథ ఇనుకుంటా ఉంటి, నీళ్ళు మంచం మీదికి వచ్చె" అంది. నిష్ఠూరం కూడా కాదు, మామూలుగా అంది.

ఆమె తర్వాత చాలా ఏళ్ళు బతికింది గానీ, వాన పడితే కాళ్ళు కింద పెట్టేది కాదు. నేను మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. వదినకు జరిగిందంతా చెప్పాను.

ఫోటో చూసిన మర్నాడు ఇప్పటి సంఘం కార్యదర్శికి ఫోను చేశాను, ఒకప్పుడు చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయినవాడు, ఆ పేజీ రాసింది అతనే. అంతా విని, "మరి చదివారు కదా ఆంటీ? రికార్డులో టైము కూడా ఉంది" అన్నాడు.

"పేర్లు అయినాక చదివినాడు నాయనా, అదీ ఇంగ్లీషులో" అన్నాను.

"అంకుల్‌కి ఎనభై దాటాయి ఆంటీ, ఇప్పుడు మారిస్తే నొచ్చుకుంటారు. మీరు ఫంక్షన్‌కి వచ్చి ఓ చిన్న కథ చెప్పండి, చాలు."

నా ఫోటో తీసేయమన్నాను, రానని చెప్పాను. ఫోటో ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడు నది పొంగితే మా ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారే అరుస్తాయి, మనవలు ఒక్క చూపులో చదివేసి కారు తాళాలు తీసుకుంటారు, ఏ పెద్దమనిషి వందన సమర్పణ కోసమూ ఎవరూ ఆగరు. మంచిదే. కానీ ఊరుగాని ఊళ్ళో, గరగరమనే ఒక డబ్బా పక్కన కూర్చుని, ఏ కీడు వచ్చినా మా పిల్ల ముందుగా నాకే చెబుతుందని నిశ్చింతగా వినే మనిషి ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేదు. అటువంటి నమ్మకం ఒకప్పుడు నాకు ఊరికే దొరికింది, దాన్ని నేను పావుగంటకు అమ్ముకున్నాను.