మూడు కాపీల్లో అవమానం

నిన్న మా విశ్వవిద్యాలయంలో, ఆన్‌లైన్ వేధింపులకు గురైన ఉద్యోగులకు అండగా ఒక విభాగం తెరిచారు. రిబ్బను కోయడానికి కత్తెర దొరక్క కాసేపు ఆలస్యమైంది. అండ విషయంలో మాకది పెద్ద ఆలస్యం కాదు. నలుగురినీ నవ్విస్తానని పేరుంది కనుక మైకు నా చేతికిచ్చారు. ఫ్లెక్సీ మీద చేతులు కలిపిన బొమ్మ చూస్తుంటే పరీక్షల విభాగంలో పనిచేసిన అక్క గుర్తొచ్చింది.

సొంత అక్క కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజు పక్క కుర్చీ చూపించి, తన డబ్బాలోంచి సగం జొన్నరొట్టె తుంచి పెట్టిన మనిషి. శంషాబాద్‌లో మా ఆఫీసు మీదుగా విమానాలు ఎంత కిందుగా పోతాయంటే, అవి దాటేదాకా ఎంతటివాడైనా నోరు మూసుకోవాల్సిందే. తర్వాత మేమంతా 'ఏం చెప్తున్నాను?' అని తడుముకునేవాళ్లం. అక్క మాత్రం ఆపిన చోటే అందుకునేది. "జర ఆ ఫైలు..." విమానం. "...ఇటియ్యి తమ్మీ."

ఒక పరీక్ష రోజు అరగంట దాటి వచ్చిన అమ్మాయిని అక్క గుమ్మం దగ్గర ఆపింది. పైవాళ్లకు ఫోన్ చేసి, అనుమతి తీసుకుని, ఐదు నిమిషాల్లో లోపలికి పంపింది కూడా. ఎవరో తీసిన వీడియోలో ఆపడమే ఉంది, పంపడం లేదు. సాయంత్రానికి లోకమంతా ఆమె ముఖాన్నీ చీరనూ పెంపకాన్నీ తిట్టింది. ఫోన్ నంబరు కూడా బయటపెట్టారు. కూతురు బడికి పోనని ఏడ్చింది. అక్క అడిగింది ఒక్కటే: జరిగిందేమిటో విశ్వవిద్యాలయం తరఫున నాలుగు ముక్కలు రాసి పెట్టమని.

మా సూపరింటెండెంటు గారిది కోస్తా మర్యాద. "తప్పకుండానండీ. కాకపోతే ఫిర్యాదు పద్ధతిగా ఉండాలి కదా. ప్రతి కామెంటూ ప్రింటు తీసి, కింద 'ఇది నన్ను ఉద్దేశించినదే' అని రాసి సంతకం చెయ్యండి. మూడు కాపీలు."

ప్రింటరు నా దగ్గరే ఉండేది. నేను తీస్తుంటే, అక్క ప్రతి తిట్టు కిందా గుండ్రటి అక్షరాలతో అది తనదేనని ఒప్పుకుంటూ పోయింది. "అక్కా, సినిమావాళ్లు గూడ ఇన్ని సంతకాలు పెట్టరు" అన్నాను. "నీకు అన్నీ గట్లనే తోస్తయ్‌రా" అంది, నవ్వబోయి.

తర్వాతి కాగితం వెచ్చగా బయటికొచ్చింది. అది మా ఉద్యోగుల వాట్సాప్ గ్రూపు స్క్రీన్‌షాట్. వీడియో వచ్చిన రోజు అందులో నేను రాసిన మాట: 'ఇకమీదట అక్క గుమ్మం దాటాలంటే వీసా కావాలి.' కింద మా వాళ్ల నవ్వు బొమ్మల వరుస. ఎవరో దాన్ని బయటికి పంపారు. 'సొంత ఆఫీసువాళ్లే అంటున్నారు' అని జోడించి మరెవరో ఊరంతా తిప్పారు. దాచేద్దామనుకున్నాను, కానీ అప్పటికే అక్క చెయ్యి చాపి ఉంది.

చదివింది. 'ఇది నన్ను ఉద్దేశించినదే' అని రాసింది. మూడు కాపీల మీదా సంతకం పెట్టింది.

"గిది రాసేటప్పుడు నీకు..."

విమానం వచ్చింది. దాటిపోయింది. అక్క అందుకోలేదు. ఇంకో కాగితం లాక్కుంది.

రెండో కాపీ మసకగా ఉందని ఫైలు తిరిగొచ్చింది. అది మళ్లీ పైకి పోయేలోగా అక్క రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది. దానికి ఒక్క కాపీ చాలింది.

నిన్న మైకులో కొత్త విభాగం నియమాలు చదివాను. మొదటిది: ఆధారాలు మూడు కాపీల్లో సమర్పించాలి. నేను జోకేశాననుకుని అందరూ నవ్వారు. రెండేళ్లుగా నెత్తిమీద విమానాలు దాటిపోతూనే ఉన్నాయి. అక్క ఆపిన మాటలో మిగతా సగం కోసం నేనింకా నోరు మూసుకునే ఉన్నాను.