గొంగడి అడిగిన నాయిక

వెన్నెల మనిషిని కాలుస్తుందని మీరు నమ్ముతారా? పద్యంలో అయితే నేనూ నమ్ముతాను. పద్యం బయట నమ్మితే ఏమవుతుందో నా చిన్నప్పుడే, ఇచ్చోడ దగ్గరి మా ఊళ్లో చూశాను.

మా తాత పొద్దుగూకినాక అరుగు మీద కూర్చుని పాత కావ్యాలు చదివి అర్థం చెప్పేవాడు. బడిలో అంతా ఉర్దూయే నడిచిన కాలం నుంచీ మా వాడకు తెలుగు నేర్పింది ఆ అరుగే. ప్రియుడు దూరమైన నాయిక పద్యాలంటే ఆడవాళ్లకు మరీ ఇష్టం. ఆమె మీద చంద్రుడు నిప్పులు కురిపిస్తాడు. పూసిన మంచిగంధం ఆ వేడికి పొడిగా రాలిపోతుంది. గాజులు చేతికి నిలవవు. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది పక్కింటి అక్క వాళ్ల అత్త.

పక్కింటి అక్కకు అప్పుడే పెళ్లయింది. బావ మందమర్రి బొగ్గుబాయిలో పనికి పోయాడు. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అక్క ఒళ్లు కాలిపోవడం మొదలైంది. తిండి సయించలేదు. ముంజేతి గాజులు మోచేతి దాకా జారాయి. అన్నీ తాత చదివినట్టే ఉన్నాయి. అత్త చెడ్డమనిషి కాదు. నా కొడుకు మీద ఇంత ప్రాణం పెట్టుకుందా అని మురిసిపోయి, గంధం తన చేత్తోనే అరగదీసి కోడలికి పూసింది. వాకిట్లో మంచం వేసి తడిబట్ట కప్పింది. "ఏందే, బొగ్గుబాయి యాదికొస్తుందా?" అని వాడంతా నవ్వింది. అక్క ఏం చెప్పబోయినా సిగ్గు కింద జమకట్టారు. చివరికి ఆమె చెప్పడమే మానుకుంది.

ఒక సాయంత్రం, కోడలికి ఊరటగా ఒక పద్యం చదవమని అత్త మా తాతను పిలిచింది. నేనూ వెంట పోయాను. కంది చేల మీదికి చంద్రుడు అప్పుడే వస్తున్నాడు. తాత గొంతు సవరించుకున్నాడు. అక్క నా లంగా కొస పట్టుకుని మెల్లగా అంది: "చెల్లే, మీ ఇంట్ల గొంగడి ఉంటే జర తేవే. సలి ఆగుతలేదు." ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

తాత పద్యం ఎత్తుకోలేదు. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి, ఎప్పటి సంది బిడ్డా అని అడిగాడు.

"మొన్న గూడ గిట్లనే అచ్చింది తాతా. నిన్న మంచిగనే ఉంటి."

తాత అత్త వైపు తిరిగాడు. "నేను చదివిన ఏ కావ్యంల నాయిక గొంగడి అడగలే చెల్లే. మొగని యాది రోజు ఇడిసి రోజు అస్తదా? గిది సలిజరం. బండి కట్టియ్యి."

"నువ్వే చెప్తివి గద అన్నా, గంధం పూస్తరని."

"నేను పద్యం చెప్పిన. మందు చెప్పలే."

బండి ఇచ్చోడ దవాఖాన చేరేదాకా అత్త తన కొంగుతో కోడలి ఒంటి మీది గంధం తుడుస్తూనే ఉంది. ఇంకా ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదని డాక్టరు కోప్పడ్డాడు. చేదు గోళీలు మింగి, గొంగడి కప్పుకుని అక్క బతికి ఇంటికొచ్చింది.

కొన్నాళ్లకు తనే నడిచి మా అరుగు మీదికి వచ్చింది. ఒళ్లు చల్లగానే ఉంది. బావ ఇంకా రాలేదు. చంద్రుణ్ని చూస్తూ కళ్లు తుడుచుకుంది. "గిది గోళీలకు పోతలేదు. ఇప్పుడు చదువు తాతా" అంది. తాత చదివాడు. అత్త కోడలి పక్కకు జరిగి కూర్చుంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

పోలికలన్నీ అబద్ధాలని, కావ్యాలు తగలబెట్టమన్నవాళ్లతో తర్వాత ఎన్నో సభల్లో వాదించాను. ఆ పోలికలే సత్యమని మొక్కేవాళ్లతో అంతకంటే గట్టిగా వాదించాను. రెండు వాదాలకూ నా బలం ఆ గొంగడే. బాధ ఎంతటిదో పోలిక చెప్పగలదు, జబ్బు ఏదో చెప్పలేదు. అయినా ఆడపిల్ల వాడిపోతే మనసు బెంగలే అని నవ్వి వదిలేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో అలా ముడుచుకుని పడుకున్న పిల్ల ఉంటే, ఇది చదవడం ఆపి లేవండి. వెళ్లి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టండి. ఏం కావాలో ఆమెనే అడగండి.