పుస్తకంలో లేని గంటలు

మార్నీ హాల్పిన్ పదిహేనేళ్ల పాటు ఒకే ఒక్క ఉద్యోగం కోసం బతికింది. పోలీసు హెలికాప్టర్ నడపాలి. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు, ఇక రాదు కూడా. ఎందుకు రాదో ఆమెకు తెలుసు, ఆమె యజమాని లెన్ కవర్డేల్‌కు తెలుసు. తెలియాల్సిన మూడో మనిషికి మాత్రం ఇవాళ్టికీ తెలియదు.

ఇరవయ్యారేళ్ల వయసులో ఆమె నార్మంటన్‌లో మాంసం కొట్టులో పనిచేసేది. కత్తి పట్టిందంటే ఎద్దు తొడను ఎముక నుంచి వేరు చేయడానికి పది నిమిషాలు చాలు. బతుకంతా ఆ చెక్కబల్ల ముందే గడిచిపోయేదేమో. ఆ ఏడు వానాకాలంలో నది ఊళ్లోకి వచ్చేసింది. మార్నీ తల్లిని ఎలాగో రేకుల కప్పు మీదికి చేర్చింది. రెండో రోజు మధ్యాహ్నం తీరం మీది నగరం నుంచి పోలీసు హెలికాప్టర్ వచ్చింది. దిగడానికి చోటు లేదు. పైలట్ హెలికాప్టర్ కింద ఉండే రెండు కాళ్లలో ఒకటి కప్పు అంచున ఆనించి, రెండో కాలు గాలిలో ఉంచి, ముసలామెను ఎక్కించేదాకా కదలకుండా నిలబెట్టాడు. రేకు సొట్ట కూడా పోలేదు. చుట్టూ అంత నీళ్లున్నా మార్నీ కళ్లు అతని చేతుల మీదే ఉన్నాయి. అవి కదులుతున్నట్టే లేవు.

గట్టు మీద దించాక అడిగింది.

"ఇది నేర్చుకోవాలంటే ముందు పోలీసుల్లో చేరాలా?"

"అక్కర్లేదు" అన్నాడతను. "బయట మామూలు ఫ్లయింగ్ స్కూల్లో నీ డబ్బుతో నేర్చుకో. లైసెన్సు తెచ్చుకో. ఎక్కడో ఓచోట రెండు వేల గంటలు ఎగురు. అప్పుడు రా, చూస్తాం."

అంత తేలిగ్గా చెప్పాడు. ఆమె అంతే తేలిగ్గా నమ్మింది. తండ్రి వదిలిపోయిన కారవాన్ బండిని అమ్మేసింది. పగలు కొట్టులో, సాయంత్రాలు పబ్బు వంటింట్లో చాకిరీ చేసింది. తీరానికి పోయి లైసెన్సు సంపాదించింది. తీరా చూస్తే నూట పది గంటల పైలట్‌ను పలకరించే దిక్కు లేదు. గంటలుంటేనే ఉద్యోగం అంటారు, ఉద్యోగముంటేనే కదా గంటలు! కాళ్లరిగేలా తిరిగి తిరిగి చివరికి లెన్ కవర్డేల్ షెడ్డు ముందు నిలబడింది.

లెన్‌ది నార్మంటన్ చుట్టూ ఉన్న గల్ఫ్ ప్రాంతమంతా తిరిగి హెలికాప్టర్లతో పశువులను తోలే పని. పొదల్లో చెదిరిపోయిన మందల్ని పైనుంచి అదిలించి, దొడ్డి దాకా తెచ్చి అప్పగించాలి. అతనికి నాలుగు చిన్న యంత్రాలున్నాయి, ఒక్కోదానికి రెండేసి సీట్లు. మనిషి మంచివాడు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. అతను చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

"మాంసం కోసే అమ్మాయివా?" అన్నాడు ఆమె చేతులు చూసి. "మంచిదే. మొదటి రెండేళ్లు పెట్రోలు పీపాలు మొయ్యి, కంచెలు కట్టు, కుర్రవాళ్లకి వండిపెట్టు. పారిపోకుండా ఉంటే మూడో ఏడు సీటు ఇస్తా."

ఆమె పారిపోలేదు. మూడో ఏడు అతను మాట తప్పలేదు. షెడ్డులో అందరూ 'పసుపుది' అని పిలిచే యంత్రాన్ని ఆమెకు అప్పగించాడు. దాన్ని ఆమె ఆరేళ్లు నడిపింది.

మొదటి రోజు ఎక్కబోతుంటే లెన్ లోపలికి చెయ్యి పెట్టి, ఒక సన్నటి తీగ ఊడదీశాడు. గంటల మీటరు ఆగిపోయింది.

"ఇదేంటి లెన్?"

"దీనికి విశ్రాంతి. రెండు వేల రెండు వందల గంటలయ్యాక యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి మళ్లీ కట్టాలంట. ఆ రూలు రాసినోడు ఇక్కడి దుమ్ము ఎప్పుడైనా తిన్నాడా? సగం రాద్దాం. అందరూ చేసేదే."

నిజంగానే అందరూ చేసేదే. యంత్రం పుస్తకమూ పైలట్ పుస్తకమూ సరిపోవాలి కాబట్టి పైలట్లు కూడా తమ పుస్తకంలో సగమే రాసి సంతకం పెట్టేవారు. ఏడు గంటలు ఎగిరితే మూడున్నర. అసలు లెక్క మాత్రం ఊరికే పోనివ్వరు. పశువుల మందుల కంపెనీ ఏటా పంచే డైరీ ఒకటి ప్రతివాళ్ల దగ్గరా ఉండేది, అందులో నిజం గంటలు రాసుకునేవారు. ఏ యంత్రం మీద ఎగిరారో కూడా. పొద్దున టీకి కూర్చున్నప్పుడు ఆ డైరీలు చూసుకుని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. సీజను ముగిశాక ఎవరి నిజం గంటలు ఎక్కువో వాళ్లకు లెన్ పెట్టెడు బీరు ఇచ్చేవాడు. నాలుగేళ్లు వరసగా ఆ పెట్టె మార్నీదే.

"ఆడదాని చేతిలో ఓడిపోతున్నారు, సిగ్గు లేదూ?" అని లెన్ మగపైలట్లను ఉడికించేవాడు.

"సిగ్గెందుకు? ఆవిడ గెలిచిన బీరు తాగేది మేమే కదా" అనేవాడు డెస్ ఫాలన్. అతను అక్కడి పైలట్లందరిలో పెద్దవాడు. అతని భార్య పేరు ఇవాన్. ఆమె క్రాయ్‌డన్ ఊరికి పోయే దారిలో రోడ్‌హౌస్ నడిపేది. అటు పోతే పెట్రోలు, తిండి అక్కడే. ఆ ఇంట్లో మార్నీకి ఒక మంచం ఎప్పుడూ ఉండేది.

ఆరేళ్లయ్యాక మార్నీకి కొత్త యంత్రం వచ్చింది. పసుపుది డెస్‌కు పోయింది. రెండేళ్ల తర్వాత ఒక ఉదయం ఎద్దుల వెనక పడి మలుపు తిరుగుతుంటే దాని పైన తిరిగే రెక్క మొదలు దగ్గర విరిగింది. డెస్ నేలను తాకేసరికి యంత్రం మండుతోంది. అందరికంటే ముందు అక్కడికి చేరింది మార్నీయే. చేయడానికేమీ మిగల్లేదు.

విచారణకు వచ్చినవాళ్లు బూడిదలో వెతికి, పుస్తకాలు తెరిచి చూశారు. లెక్క ప్రకారం ఆ రెక్కకు ఇంకా చాలా ఆయుష్షు ఉంది. అంటే రెక్క దానంతటది విరగదు. పైలట్ మోటుగా, హద్దు మీరి లాగి ఉంటాడని తేల్చారు. మార్నీని కూడా పిలిచి అడిగారు.

"ఈ యంత్రాన్ని ఆరేళ్లు మీరే నడిపారు. ఈ పుస్తకంలో గంటలు సరైనవేనా?"

బయట లెన్ కూలబడి చంటిపిల్లవాడిలా ఏడుస్తున్నాడు. ఏడుపు నిజమే. "సరైనవే" అంది మార్నీ. సంతకం పెట్టింది. తన చేత్తో తాను రాసిన డైరీల ప్రకారం పసుపుది డెస్ చేతికి వెళ్లేసరికే దాని ఆయుష్షు తీరింది. తీర్చింది తనే. గంట గంటకూ మురిసిపోతూ, బీరు గెలుచుకుంటూ తీర్చింది.

అప్పుడైనా అన్నీ వదిలేయాల్సింది. వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది. పోలీసుల్లోకి వెళ్లిపోతే ఇదంతా వెనకపడుతుందనుకుంది, పిచ్చిది. నలభై ఒకటో ఏట తీరం నుంచి ఖాళీ ఉందని ప్రకటన వచ్చింది. అడిగింది రెండు వేల గంటలు. ఆమె పుస్తకంలో పదహారు వందల పన్నెండున్నాయి. డైరీల్లో మూడు వేల వంద దాటాయి.

లెన్ దగ్గరికి వెళ్లింది. "ఒక్క కాగితం రాసివ్వు. నేను నిజంగా ఎన్ని గంటలు ఎగిరానో."

లెన్ కాదనలేదు. "రాస్తా. నా సర్టిఫికెట్టు పోతుంది, పోనీ. ముసలాణ్ణయ్యాను. కానీ కింద సంతకాలు నీవి కూడా అమ్మాయ్. దొంగ లెక్క రాసిన పైలట్‌కి పోలీసోళ్లు యంత్రం ఇస్తారా? ఇంకోటి. డెస్ గొయ్యి మళ్లీ తవ్వుతారు. దాని అడుగున నువ్వూ నేనూ ఉంటాం."

ఆమె ఇక కాగితం అడగడం మానేసింది. కానీ ప్రయాణమప్పుడు పదకొండు డైరీలనూ సంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు.

నాలుగు వందల గంటలు తక్కువైనా పోలీసులు పరీక్షకు పిలిచారు, పశువులు తోలినవాళ్ల చేతి పనితనం వాళ్లకు తెలుసు. పరీక్షించింది ప్రెంటిస్ అనే పెద్ద పైలట్, జుట్టంతా నెరిసినవాడు. సముద్రం మీంచి అడ్డగాలి కొడుతోంది. ఒక గోదాము కప్పు చూపించి, దాని అంచున కాలొకటి ఆనించి నిలబెట్టమన్నాడు. మార్నీ నిలబెట్టింది. అతను చెప్పేదాకా అలాగే ఉంచింది. పదిహేనేళ్ల నుంచి ఆమె కోరుకున్నది ఆ నాలుగు నిమిషాల్లో ఆమె చేతుల్లో ఉంది.

దిగాక అతను గదిలో కూర్చోబెట్టి ఆమె పుస్తకం తెరిచాడు.

"మిస్ హాల్పిన్, మీ పుస్తకంలో పదహారు వందల గంటలున్నాయి. మీ చేతుల్లో మూడు వేలున్నాయి. మిగతావి ఎక్కడ?"

సంచి ఆమె కాళ్ల దగ్గరే ఉంది.

"పుస్తకంలో ఉన్నవే సార్."

"గల్ఫ్ వైపు నుంచి ఈ నాలుగేళ్లలో ఏడుగురు వచ్చారు. ఏడుగురివీ ఇలాంటి చేతులే, ఇలాంటి పుస్తకాలే. ఏడుగుర్నీ ఇదే మాట అడిగాను. మీరు ఎనిమిదో వారు."

"చెబితే ఉద్యోగం ఇస్తారా?" నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోవడానికి లేదు.

"ఇవ్వలేను. దొంగ లెక్కకి సంతకం పెట్టినవాళ్లని తీసుకోకూడదు."

"మరి చెప్పి లాభమేంటి?"

"మీకా? ఏమీ లేదు" అన్నాడు ప్రెంటిస్. కోపంగా కాదు, అలసిపోయి. "అరిగిపోయిన యంత్రాల్లో రేపు ఎక్కేవాళ్లకి ఉంటుంది. ఒక్కరు చెప్పినా వెళ్లి ఆ షెడ్లకి తాళాలు వేయించేవాణ్ణి. ఎవరూ చెప్పరు. అందరికీ ఈ ఉద్యోగమే కావాలి." పుస్తకం మూసి ఆమె ముందుకు జరిపాడు. "గంటలు తక్కువయ్యాయి అని రాస్తాను. అదే కదా మీరంటున్నది."

మార్నీ సంచి తీసుకుని బయటికొచ్చింది. ఉద్యోగం ఎటూ లేదని తేలిపోయాక చెప్పడానికి అడ్డేముంది? ఆ ప్రశ్న నేనూ వేసుకున్నాను. లైసెన్సు పోతుంది, లెన్ పోతాడు, జైలు కూడా ఉండొచ్చు. అవన్నీ నిజమే. కానీ అసలు అడ్డం అవి కావు. తన గంటలే డెస్‌ను చంపాయని ఒకసారి పైకి అంటే, ఆ తర్వాత ఆ గంటలు తనవని చెప్పుకోవడానికి వీల్లేదు. ఆమెకు మిగిలింది అవొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం ఇవాన్ రోడ్‌హౌస్ ముందు కారాపింది. ఆగకుండా పోదామనుకుంది గానీ ట్యాంకు ఖాళీ అయింది. ఇవాన్ బల్ల వెనక నుంచి పరుగెత్తుకొచ్చి కావలించుకుంది.

"వచ్చిందా? వచ్చిందనే చెప్పవే! డెస్ ఎప్పుడూ అనేవాడు, మనలో పోలీసు టోపీ పెట్టేది అదొక్కతే అని."

"రాలేదు. గంటలు తక్కువయ్యాయంట."

"తక్కువా?" ఇవాన్ నిజంగానే ఆశ్చర్యపోయింది. "పదకొండేళ్లు తెల్లారిందంటే గాల్లోనే ఉన్నావు. అన్ని గంటలు ఎటు పోయాయే?"

కారు ఇరవై అడుగుల దూరంలో ఉంది. సంచి వెనక సీట్లో ఉంది. ఇవాన్ ఆమెను లోపల కూర్చోబెట్టి తిండి తెచ్చిపెట్టింది. బల్ల మీద బీట్‌రూట్ ముక్కలు పెట్టిన మాంసం శాండ్‌విచ్ చల్లారిపోతోంది.

"రాసుకోవటంలో శ్రద్ధ లేదు నాకు" అంది చివరికి.

ఇవాన్ ఆమె చెంప తట్టింది. ఇవాన్ కళ్లలోనే నీళ్లు తిరిగాయి, అయినా నవ్వింది.

"నువ్వూ మా డెస్సూ ఒకటే. రిపోర్టులో కూడా అదే రాశారు కదా, నిర్లక్ష్యం అని. మొదట్లో వాళ్ల మీద మండిపడ్డాను. ఇప్పుడు వాడి మీదే కోపమొస్తుంది. కాస్త మెల్లగా తిప్పి ఉంటే బతికుండేవాడు. అంతేనంటావా?"

మార్నీ అంతేనంది.