నూట అరవై ఎనిమిది గంటల్లో మా పాప

ఎనిమిదేళ్ల మా పాప ప్రసన్నను జడ్జిగారు పిలిచి అమ్మ కావాలా నాన్న కావాలా అని అడిగితే ఏం చెప్పాలో నేనే దగ్గరుండి నేర్పిస్తున్న రోజులవి, సహోదరులారా! అది 1984వ సంవత్సరం. నా భార్య సుగుణ, నేను విడిపోయి అప్పటికి పదకొండు నెలలు. ఆమె పంజాగుట్టలో తన అన్నగారింట్లో పాపతో ఉండేది, నేను అమీర్‌పేటలో ఒంటి గదిలో ఉండేవాణ్ని. ఆదివారం పాపను నా దగ్గరకు పంపితే అన్నం కలిపి పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నాన్నే కావాలని చెప్పాలె, గట్టిగ చెప్పాలె" అని వల్లె వేయించేవాణ్ని. అది చెప్పేది. చెప్పి, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చునేది. నాకు ఆ మాట వినబడింది గాని ఆ ముద్ద కనబడలేదు.

పాప నాకే కావాలని కోర్టులో వేసే కాగితాలన్నీ వకీలు సిద్ధం చేశాడు. నా సంతకం ఒక్కటే మిగిలింది.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఒక టింబర్ డిపోలో దుంగలు కొలిచి, ఏ దుంగ కోస్తే ఎన్ని పలకలు వస్తాయో చెప్పడం నా పని. ఇరవై ఏళ్లలో సామేలు లెక్క తప్పిందని ఒక్కరూ అనలేదు, ఆ గర్వం నాకు తలనిండా ఉండేది, ప్రభువు క్షమించును గాక!

మా పాస్టరుగారు నా చేయి పట్టుకుని, సంతకం పెట్టేముందు ఇద్దరూ రాహేలమ్మ టీచరు ముందు కూర్చోండి అని బ్రతిమాలారు. ఆమె బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరై, మా గుడిలో సండేస్కూలు చూసుకుంటున్న పెద్దావిడ. సరేనన్నాను, ఎందుకంటే నా దగ్గర లెక్క ఉంది. వారానికి నూట అరవై ఎనిమిది గంటలు, అందులో సగం ఎనభై నాలుగు. రెండు రోజులు తల్లి, రెండు రోజులు తండ్రి, మళ్లీ ఆమె ఒకటిన్నర, నేను ఒకటిన్నర. స్కేలుతో గళ్లు గీసి, ఆమె గళ్లకు నీలం, నా గళ్లకు ఎరుపు వేశాను. డిపోలో రంపం మీద పనిచేసే ఖాదర్ భాయ్‌కి గొప్పగా చూపించాను.

"మస్తుగుంది సామేల్ భాయ్," అన్నాడతను. "గని బిడ్డ ఏమన్న టేకు దుంగనా, నడుమకు కోసెటందుకు? నువ్వు గిట్లనే గీతలు గీస్తా ఉండు, ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన మనకు దగ్గర్నే ఉన్నది, ఫికర్ లేదు!"

డిపో అంతా నవ్వింది. నేను మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

శనివారం మధ్యాహ్నం గుడి వెనుక గదిలో ముగ్గురం కూర్చున్నాం. టీచరమ్మ ప్రార్థన చేసి, కళ్లద్దాలు సర్దుకుని, "తీర్పు చెప్పెటందుకు నేను రాలే. తీర్పు మీరిద్దరే చెప్పుకోవాలె. ఒకరు మాట్లాడంగ ఇంకొకరు నోరు తెర్వొద్దు. గీ గదిల మాట గడప దాటొద్దు. సమజైందా?" అన్నారు. (ఇప్పుడు నేను మీకు చెబుతున్నది సుగుణను అడిగి, ఆమె సరేనన్నాకే.) ఆ మొదటి శనివారం పాత నొప్పులు చెప్పుకోవడంతోనే గడిచిపోయింది. రెండో శనివారం నా కాగితం బల్ల మీద పరిచాను.

సుగుణది గుంటూరు వైపు. చాలాసేపు చూసి, "లెక్క తప్పని కాదండీ టీచరుగారూ, ఈయన లెక్క ఎప్పుడు తప్పింది గనక! ఇందులో ఈయనున్నారు, నేనున్నాను. పాప ఏదండీ?" అంది.

"గా గళ్లన్ని ఎవరియి మరి? పాపయే కదా!" అన్నాను.

"నోరు తెర్వొద్దన్న కదా," అన్నారు టీచరమ్మ. "సరే, లెక్కల మొనగానివి, నాకో లెక్క చేసిపెట్టు. గీ కాయిదం ప్రకారం బిడ్డ ఏడాదికి ఎన్నిసార్లు సంచి సర్దుకోవాలె?"

వారానికి నాలుగుసార్లు, యాభై రెండు వారాలు. రెండు వందల ఎనిమిది అన్నాను.

"ఒక్కోపారి ఎంతసేపు పోతది? సంచి సర్దుడు, బస్సుకు నిలబడుడు, అయ్యో నా నోటుబుక్కు గా ఇంట్లనే ఉండెనని ఏడ్సుడు, అన్ని కలిపి చెప్పు."

గంటన్నర వేశాను. మూడు వందల పన్నెండు గంటలు. అంటే సరిగ్గా పదమూడు రోజులు! ఏడాదిలో పదమూడు పగళ్లు, పదమూడు రాత్రులు మా పాప తల్లి దగ్గరా లేదు, తండ్రి దగ్గరా లేదు!

సహోదరులారా, దుంగను కోస్తే ప్రతి కోతకూ కొంత చెక్క పొట్టయి రాలిపోతుంది, ఆ పొట్టును ముందే తీసివేసి లెక్క కట్టాలి, ఎన్ని కోతలు ఎక్కువైతే అంత చెక్క నష్టం, డిపోలో కొత్తగా చేరినవాడికి నేను మొట్టమొదట నేర్పేది ఇదే. ఇరవై ఏళ్లుగా టేకుకు తీసివేసినది నా కన్నబిడ్డకు తీసివేయలేదు! దేవుడు నన్ను నాకు తెలియని చోట కాదు, నాకు బాగా తెలిసిన చోటే పట్టుకున్నాడు. పెన్సిల్ కింద పెట్టేశాను.

అంతవరకు నా ప్రార్థన, "ప్రభువా, పాపను నాకు ఇప్పించు" అని ఒక్కటే. ఆ వారమంతా మోకాళ్ల మీద, "తండ్రీ, నేను దానికి ఎంత అవసరమో అంతే నాకు ఇవ్వు, మిగిలినదానికి ఏడవకుండా నన్ను పట్టుకో" అని అడిగాను.

మూడో శనివారం ఒప్పుకున్నాం. బడి పంజాగుట్టలోనే గనుక బడి రోజులన్నీ తల్లి దగ్గర. శనివారం ఒంటిగంటకు బడి వదిలినప్పుడు నేను తీసుకుపోవాలి, సోమవారం తొమ్మిదికి నేనే బడిలో దింపాలి. వేసవి సెలవుల్లో నెల నా దగ్గర. వారానికి నలభై నాలుగు గంటలు. వకీలు కాగితాలు పక్కన పెట్టి, ఎనభై నాలుగు అడిగినవాణ్ని నలభై నాలుగు గంటల ఒప్పందం మీద సంతకం పెట్టాను. పెట్టాక, పాపకు నేను ఏం నేర్పించానో కూడా ఒప్పుకున్నాను.

సుగుణ తల ఎత్తలేదు. "తెలుసండీ. నిద్రలో కూడా అప్పజెబుతోంది," అంది. మళ్లీ తనే, "జ్వరం వస్తే ఎవరి రోజని చూడను. డిపోకు ఫోన్ చేయిస్తాను, మీరు వచ్చేయండి," అంది. నేను అడగని గంటలు అవి!

ఆ సాయంత్రం నా గదికి తెచ్చుకున్న పాపతో, "నిన్ను జడ్జి సారు పిలువడు బిడ్డా, ఎవ్వరు ఏమి అడగరు," అన్నాను.

"నిజంగనా? మరి నేర్చుకున్నది మర్చిపోవచ్చా నాన్నా?" అంది.

"మర్చిపో తల్లీ," అన్నాను. ఆ పూట అది రెండోసారి అన్నం పెట్టించుకుంది. దేవునికే మహిమ!

మేమిద్దరం మళ్లీ ఒకటయ్యామని చెప్పడానికి నేను నిలబడలేదు, కాలేదు. సోమవారం పాపను దింపి వచ్చాక గది ఇప్పటికీ బోసిగానే ఉంటుంది. కాని ఆదివారం ఆరాధనలో సుగుణ స్త్రీల వైపు, నేను పురుషుల వైపు కూర్చుంటాం, ఏడో తరగతికి వచ్చిన ప్రసన్న ముందు చాప మీద పిల్లలతో పాడుతుంటే ఇద్దరమూ వింటాం. ఈ నాలుగేళ్లలో అది ఎవరి ముందూ నిలబడి తల్లిదండ్రుల్లో ఒకరిని కాదనవలసిన అవసరం రాలేదు. ఇది నా తెలివి కాదు, నన్ను నా పంతం నుండి విడిపించిన యేసయ్య కృప!

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి సంతకం మిగిలి ఉంటే, సహోదరులారా, సహోదరీలారా, కలం పక్కన పెట్టి ముందు మోకాళ్లూనండి, తరువాత ఇద్దరూ కలిసి నమ్మదగిన ఒకరి ముందు కూర్చోండి. రాహేలమ్మ టీచరు శనివారాలు ఇంకా ఆ గదిలోనే ఉంటారు. మూడు కుర్చీలున్నాయి. ప్రభువు అప్పటికే అక్కడ ఉంటాడు, నమ్మి రండి.