రెండుసార్లు బిగించిన హెడ్ గాస్కెట్

మధ్యాహ్నానికే చేతికి రావలసిన కారు ఈ రోజు సాయంత్రం ఆరింటికి వచ్చింది. పాత ఊళ్లో షెడ్డు నడిపే ఖాదర్ భాయ్, ఇంజనుకూ దాని మీది హెడ్డుకూ మధ్య కొత్త రాగి గాస్కెట్ రేకు వేసి, బోల్టులన్నీ బిగించి స్టార్ట్ చేశారు. చప్పుడు చక్కగా ఉంది. తాళం కోసం నేను చెయ్యి చాచాను. ఆయన ఇంజను ఆపేసి మళ్లీ పానా తీశారు.

"బాగానే ఆడతంది కదా భాయ్, మళ్లీ ఏటి?" అన్నాను.

"రేకు తిరగేసి పెట్టీసానేమోనని డౌటొస్తంది బాబూ. నీళ్ల కన్నం మూసుకుపోతే ఇంజను ఉడికిపోద్ది. రేపు ఎలమంచిలి నుంచి సెల్లినీ, పసిపిల్లనీ తెత్తానన్నావు. గాజువాక కాడ స్టీలుప్లాంటు లారీల మధ్యన ఆగిపోతే ఏటి సేత్తావు?"

నాకు ఒళ్లు మండింది. ఇంజను చల్లారేదాకా బల్ల మీద కూర్చున్నాను. ఆయన హెడ్డు ఎత్తి చూశారు. గాస్కెట్ సరిగ్గానే ఉంది.

"నాను బాగానే పెట్టాను," అని నెమ్మదిగా నవ్వారు.

ఒకసారి నలిగిన రేకు మళ్లీ పనికిరాదని ఇంకో కొత్తది తీశారు. ఈసారి నన్ను పిలిచి, కన్నాలు కలిశాయో లేదో నా వేలితోనే తడిమించి, మొదటి నుంచీ బిగించారు.

దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే ఇంటికొచ్చాను. కారు దిగాక వెనక సీటు దులిపి, పాప కోసం మెత్తటి దుప్పటి పరిచాను. రేపటి ప్రయాణం గురించి నాకు కాస్త కూడా బెంగ లేదని అప్పుడు తెలిసింది. మీరైతే ఆయన మీద కోప్పడేవారా?