ఓడకు వరిగడ్డి

బాన్సువాడలో పుట్టినదాన్ని, ఓడల కంపెనీలో ఎందుకు చేరావంటే నా దగ్గర సమాధానం లేదు. మేము చూసిన పెద్ద నీళ్ళు నిజాంసాగర్ ఒక్కటే. ఉద్యోగం వచ్చాకే సముద్రం చూశాను. ఆ ఉద్యోగమైనా ఓడ నడిపేది కాదు, ఓడకు తిండి చేరవేసేది. తీరం వెంట సరుకు మోసే చిన్న ఓడలకు డీజిల్ మాన్పించి హైడ్రోజన్ అలవాటు చేయాలని మా కంపెనీ పంతం. నడపడం ఎలాగో నడపొచ్చు. ఆ గ్యాస్‌ను రేవు దాకా చేర్చడంలోనే తల ప్రాణం తోకకొచ్చేది. సందు దొరికిన చోటల్లా జారుకుంటుంది. అణిచి నింపుదామంటే లోపలి గ్యాస్ కన్నా సిలిండర్ బరువే ఎక్కువ. ట్యాంకర్ వచ్చిన రోజు ఓడ ఉండదు, ఓడ వచ్చిన రోజు ట్యాంకర్ ఉండదు. చివరికి మా సారు విసిగిపోయి, "గ్యాస్ మోసింది చాలు, గడ్డి మోద్దాం" అన్నారు. వరిగడ్డిని రేవు పక్కనే కొలిమిలో కాల్చి, వచ్చే గ్యాస్‌లోంచి హైడ్రోజన్ తీయాలన్నమాట.

కోస్తాలో గడ్డికి కరువా అని మీరు అడగొచ్చు. ఆ ఏడు అక్కడ కోతల మీద తుఫాను పడి గడ్డంతా కుళ్ళిపోయింది. తడిగడ్డి వేస్తే కొలిమిలో పొగ తప్ప ఏమీ రాదు. "మా ఊళ్ళో గడ్డి ఎండి గలగలలాడుతుంది సార్" అని మీటింగులో నోరు జారాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి పుణ్యమా అని ఊరు కూడా ఇందులో ఇరుక్కుంది. "అయితే ఒక్క లారీ తెప్పించు. అది పొడిగా చేరితే ప్రయోగం ఉంటుంది, నీ ఉద్యోగమూ ఉంటుంది. లేదంటే రెండూ ఉండవు" అన్నారు సారు.

నాకు దిక్కు మా పెద్దబాపు. నాన్నకు అన్న. ఆయనకు ఓడ సంగతి, లారీ సంగతి చెప్పాను.

"ఓడ గడ్డి తింటదా?"

"తినదు పెద్దబాపూ. గడ్డిలోంచి గ్యాస్ తీసి దానికి పెడతాం."

"మన బర్రె గూడ గడ్డి తిని గ్యాసే ఇడుస్తది. గా దానికి గింత సదువు సదివినవా?" అని, నా మొహం చూసి జాలిపడి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, నీ నౌకరి నా జిమ్మ" అన్నాడు.

లోడు ఎత్తే రోజు పొద్దున సారు హైదరాబాద్ నుంచి తడి కొలిచే మీటరుతో దిగారు. పొలం గట్టు మీద గడ్డికట్టలు బారుగా పేర్చి ఉన్నాయి. సారు ఒక కట్టలో మీటరు సూది గుచ్చారు. ఇంకో కట్టలో గుచ్చారు. తర్వాత నా వైపు చూశారు. నేను చెయ్యి పెట్టి చూస్తే లోపల చల్లగా తగిలింది.

"పెద్దబాపూ! వాన లేదు, ఏమీ లేదు, గడ్డి ఎట్లా తడిసింది?"

"తడుసుడేంది? నేనే తడిపిన" అన్నాడు గర్వంగా. "గంత దూరం పోయే గడ్డి. పొడిగుంటే ఇరిగి దారిల సగం గాలికి పోతది. గందుకే పొద్దుగాల్నే మోటరు పెట్టి కట్టకట్టకు మంచిగ నీళ్ళు గొట్టిన. నీ ఇజ్జత్ పోవద్దని."

మా దగ్గర పెళుసు గడ్డిని కదిలించాలంటే నీళ్ళు చిలకరించడం అందరూ చేసేదే. మా ఊళ్ళో ఎవరికి చెప్పినా ఇదే చేసేవాళ్ళు. పొడిగానే ఉండాలని నేను విడిగా చెప్పనూ లేదు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. "నా కొంప ముంచినవ్ కదా!" అని సారు ముందే అరిచాను. ఆరబెట్టే సమయం లేదు. రేవులో ఓడ ఆగే గడువు దాటిపోతుంది. పెద్దబాపు కాలువ అవతలికి చూశాడు.

కాలువ అవతల, రేకుల షెడ్డు కింద, పొడి గడ్డికట్టలు కనిపిస్తూనే ఉన్నాయి. అవి ఎప్పుడో కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొనుక్కున్న రైతువి. కాలువ నీళ్ళ వంతు దగ్గర తగాదా పడి పెద్దబాపుకూ ఆయనకూ ఏళ్ళుగా మాటల్లేవు. పెద్దబాపు తువాలు దులిపి భుజాన వేసుకుని కాలువ దాటాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

పశువులకు మేత లేదని వచ్చినవాడికి, శత్రువైనా సరే, మా వైపు గడ్డి లేదనరు. ఓడకని అడిగితే కాదనొచ్చు. పెద్దబాపు గేటు దగ్గరే నిలబడి, మనిషిని చూడకుండా షెడ్డును చూస్తూ, "పశువులకు మేత లేదు. ఓ లారెడు గడ్డి గావాలె" అన్నాడు.

కాఫీ తాగుతున్న ఆయన కాలువ అవతలికి తొంగి చూశాడు. లారీ, మీటరు పట్టుకున్న సారు, తడి కట్టలు అన్నీ కనిపిస్తున్నాయి. గడ్డి కోస్తాలో ఓడకు పోతోందని అప్పటికే ఊరంతా తెలుసు.

"పశువులు ఎన్నండీ, పటేల్ గారూ?"

"ఒక్కటే."

"ఒక్కదానికి లారెడా! గట్టి పశువేనండీ. పాలిస్తుందా?"

"ఇంకా ఈనలే" అన్నాడు పెద్దబాపు, పళ్ళు బిగించి.

నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నోరు లేని జీవం కోసం అడిగాక లేదంటే పాపమండీ. అందులోనూ మా వైపు పశువాయె. పట్టుకెళ్ళండి."

డబ్బు మాట ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టాడు. తనే షెడ్డులో నిలబడి కట్టలు అందించాడు, పెద్దబాపు అందుకున్నాడు. ఇద్దరూ "ఇదిగో", "ఆ" తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. సారు సూది గుచ్చి చూసి తలూపారు.

చివరి కట్ట ఎక్కాక, పొద్దున అరిచినందుకు పెద్దబాపుకు ఏదో చెప్పబోయాను. లారీ వెనక గడ్డికి మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చాను. పెద్దబాపు నా భుజం పట్టుకుని ఇవతలికి లాగాడు.

"జర దూరం జరిగి ఏడ్వు బిడ్డా. గడ్డి తడుస్తది."