పత్రికలో బాపు పేరు

దక్షిణాసియా గురించి చరిత్రకారులు, ఆర్థికవేత్తలు, సమాజ శాస్త్రవేత్తలు అందరూ రాసే పరిశోధన పత్రిక అది. సూరత్ మరమగ్గాల కార్మికుల మీద నేను పంపిన వ్యాసం అందులో అచ్చవడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ మా బాపు అడిగింది ఒక్కటే.

"నా పేరు అచ్చయితదా బిడ్డా?"

అవుతుందని మాటిచ్చాను. వ్యాసంలో సగం ఆయన చెప్పిందే మరి. మా ఊరు విడిచి సూరత్ వలసొచ్చిన బాపు ముప్పై ఏళ్లు కార్ఖానాలో మగ్గాలు నడిపాడు. అక్కడ మనిషికి పేరుండదు, అతని వరుసలో మొదటి మగ్గం నంబరే పేరు. "ఏ ఇక్కీస్ నంబర్!" అని సేటు కేకేస్తే ఇరవయ్యొకటో నంబరైన బాపు పరుగెత్తేవాడు. పోగు తెగబోయే ముందు మగ్గం చప్పుడు మారుతుందని, అంత మోతలోనూ అది ఏ మగ్గమో తిరిగి చూడకుండా చెప్పొచ్చని నాకు చెప్పింది ఆయనే.

పత్రికవాళ్లు నా వ్యాసాన్ని ముగ్గురు నిపుణులకు పంపారు. చరిత్ర చాలలేదన్నాడు ఒకాయన. నాలుగు పేజీలు చేర్చాను. చరిత్ర ఎక్కువైంది, పట్టికలేవి అన్నాడు ఇంకొకాయన. పట్టికలు పెడితే మూడో మనిషికి అందులో మనుషులు కనిపించలేదట! అన్ని శాస్త్రాలూ కలవడమంటే ఇదా? ఏ ఎండకా గొడుగు పట్టలేక చచ్చాను. మగ్గం చప్పుడు దగ్గర మాత్రం ముగ్గురూ ఏకమయ్యారు. దీనికి ఆధారం చూపాలట. నాకు ఒళ్లు మండింది. ఆ ఆధారం ఇదే సూరత్‌లో, గోడాదరాలోని ఇంట్లో మంచం మీద కూర్చుని, మగ్గాల మోతకు చెవులు పోయి, వీధంతా వినబడేలా టీవీ పెట్టుకుని చూస్తోంది.

ఎట్టకేలకు ఒప్పుకున్నారనుకుంటే ఇంకో మెలిక. కార్మికుల పేర్లు వేయకూడదు, వాళ్ల క్షేమం కోసమేనట. బాపు పని మానేసి నాలుగేళ్లయింది, ఇప్పుడు ఏ సేటు ఏం చేస్తాడని రాద్దామనుకున్నాను. రాయలేదు. కాలేజీలో నా ప్రమోషను ఆ వ్యాసం మీదే ఆగి ఉంది. పేర్లు తీసేసి, వరసగా నంబర్లు వేసి పంపాను.

పత్రిక వచ్చాక ఆదివారం పొద్దున నేనుండే అడాజన్ నుంచి బస్సెక్కి బాపు దగ్గరికి తీసుకెళ్లాను. బాపుకు ఇంగ్లీషు రాదు, తన పేరు మాత్రం గుర్తుపడతాడు. కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో పేజీ వెతికాడు.

"ఏడుంది బిడ్డా?"

"పేర్లు వెయ్యొద్దన్నరు బాపు," అని చెవి దగ్గర అరిచాను. "గిదో, నాలుగో నంబర్ కార్మికుడు. గది నువ్వే."

ఆయన వేలు ఆ అంకె మీదే ఆగింది.

"గీ నంబర్ ఎవలేసిండ్రు?"

"నేనే."

బాపు పత్రిక మూసి నా ఒళ్లో పెట్టాడు.

"సేటుకైతే నా పేరు ఎర్కలేకుండె. నీకు ఎర్కే గద బిడ్డా."